.22 మ్యాచ్ రైఫిల్‌కి రౌండ్లు ఇంట్లో లోడ్ చేసుకోవచ్చా? చేసుకోలేకపోతే స్కోరు పెంచుకునే దారేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలో, మీ స్కోరు 612 దగ్గర ఆగిపోయింది. అమెరికాలో వెయ్యి గజాల పోటీలకు వెళ్లేవాళ్లు గ్యారేజీలో కూర్చుని తమ రౌండ్లు (తూటాలు) తామే లోడ్ చేసుకోవడం వీడియోల్లో చూశారు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య సంక్రాంతికి వస్తూ రీలోడింగ్ ప్రెస్సు, డైలు, అంటే కాల్చేసిన ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపే యంత్రం, దాని అచ్చులు తెస్తానన్నారు. తెప్పించుకోవచ్చా, తెప్పించుకుంటే స్కోరు పెరుగుతుందా అని మీ ప్రశ్న.

తెప్పించొద్దు. మిగతా సమాధానం తీరిగ్గా చదవొచ్చు గానీ, అన్నయ్యకి ఫోన్ మాత్రం ముందు చెయ్యండి.

1959 ఆయుధాల చట్టంలో అమ్యూనిషన్ అంటే నిండు రౌండు ఒక్కటే కాదు. రౌండు విడిభాగాలు, రౌండ్లు తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అంటే పౌడర్ (తూటా మందు) లేని, ప్రైమర్ (ఆ మందుని రాజేసే భాగం) లేని, పెట్టెలోంచి ఇంకా తియ్యని ప్రెస్సు కూడా చట్టం లెక్కలో అమ్యూనిషనే. సెక్షన్ 5 ప్రకారం తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. మీ చేతిలో ఉన్నది రైఫిలూ రౌండ్లూ దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, తయారు చెయ్యడానికి కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్టులో బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క రౌండు దొరికి కేసయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. అలాంటిది ప్రెస్సు, డైలు, ఖాళీ కేసులు బ్యాగు నిండా పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే కస్టమ్స్ వాళ్లకి 'స్పోర్ట్స్ కోసమండీ' అని చెప్పే టెన్షన్ మీ అన్నయ్యకి ఎందుకు? ఆ తర్వాత మీ లైసెన్సు రెన్యువల్ ఫైలు కమిషనరేట్‌లో ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుంటుందో కూడా ఆలోచించండి.

ఇక చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా, మీ రైఫిల్‌కి ఆ ప్రెస్సు ఎందుకూ పనికిరాదు. వీడియోల్లో వాళ్లు వాడేది సెంటర్‌ఫైర్. కేసు అడుగున నడిమధ్యలో చిన్న గిన్నెలాంటి ప్రైమర్ ఉంటుంది. పేలాక దాన్ని తీసేసి కొత్తది కూర్చోబెడతారు. మనది రిమ్‌ఫైర్. ఈసారి ప్రాక్టీసయ్యాక చాప మీద పడ్డ ఖాళీ కేసొకటి తీసి అంచు చూడండి. ఒకచోట చిన్న నొక్కు కనిపిస్తుంది. అది ఫైరింగ్ పిన్ తగిలిన చోటు. మంట పుట్టించే మిశ్రమం ఆ అంచు మడతలోపలే, కేసు చుట్టూతా, ఫ్యాక్టరీలో నింపేస్తారు. దాన్ని తీసి మళ్లీ పెట్టే భాగమంటూ ఏదీ ఉండదు. ఒకసారి కాల్చిన .22 కేసు ఇత్తడి తుక్కు కిందికే వెళ్తుంది.

మరి వాళ్లు అంత కష్టం ఎందుకు పడతారు? ఇది తెలుసుకోవాలి, ఎందుకంటే వాళ్లు వెతికేదీ మనం వెతకాల్సిందీ ఒకటే. వెయ్యి గజాల పోటీలో .308 సైజు బుల్లెట్ బయల్దేరే వేగం సెకనుకు 9 మీటర్లు అటూఇటూ అయితే చాలు, టార్గెట్ మీద పైకీ కిందికీ పాతిక సెంటీమీటర్ల తేడా వస్తుంది. అమెరికా ఎఫ్-క్లాస్ (ఈ దూరపు పోటీల్లో ఒక రకం) టార్గెట్‌లో టెన్ రింగ్, అంటే పది పాయింట్లిచ్చే వలయం, మొత్తం వ్యాసం పది అంగుళాలు, అంటే అదే పాతిక సెంటీమీటర్లు. ఎంత బాగా గురి పెట్టినా, వేగంలో తేడా ఒక్కటే రింగ్ దాటించేస్తుందన్నమాట. అందుకే వాళ్లు కేసులు తూచి జట్లు కడతారు, పౌడర్‌ని గింజల లెక్కన తూస్తారు, బుల్లెట్ ఎంత లోతున కూర్చోవాలో తమ బ్యారెల్‌ని బట్టి మిల్లీమీటరులో పదో వంతుల్లో మారుస్తారు. ఇదంతా రెండు లక్ష్యాల కోసం. ఒకటి, ప్రతి రౌండూ ఒకే వేగంతో బయటికి రావాలి. రెండు, ఆ రౌండు ఆ ఒక్క బ్యారెల్‌కి నప్పాలి.

మనకి ఈ రెండు లక్ష్యాలూ కావాలి. కాకపోతే మనం తయారు చెయ్యం, ఏరుకుంటాం.

50 మీటర్ల లెక్క చూద్దాం. మ్యాచ్ .22 రౌండులో బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే దాదాపు 2.6 గ్రాములు. వేగం సెకనుకు 320 నుంచి 330 మీటర్లు. కావాలనే ధ్వని వేగానికి కాస్త తక్కువ పెడతారు. టార్గెట్ చేరడానికి 0.16 సెకన్లు పడుతుంది, ఆలోపు పన్నెండున్నర సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 10 మీటర్లు తగ్గితే ఇంకో ఏడున్నర మిల్లీమీటర్లు జారుతుంది. టెన్ రింగ్ వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బుల్లెట్ అంచు గీతను తాకితే పాయింటు మనదే కాబట్టి, బుల్లెట్ మధ్యభాగం టార్గెట్ నడిబొడ్డు నుంచి 8 మిల్లీమీటర్ల దాకా పక్కకి వెళ్లినా 10.0 వస్తుంది. అక్కణ్నుంచి ప్రతి 0.8 మిల్లీమీటరుకీ ఒక దశాంశం. 10.9 కావాలంటే 0.8 మిల్లీమీటర్ల లోపు పడాలి. కాబట్టి ఏడున్నర మిల్లీమీటర్లంటే దాదాపు ఒక పూర్తి పాయింటు. మంచి లాట్లో (ఒకే విడతలో తయారైన రౌండ్లు ఒక లాట్) ఇంత తేడా అరుదుగా వస్తుంది. నాసి లాట్లో పది షాట్లకి ఒకటి 'ఇదేంటి, నేను కదల్లేదే' అనిపించేలా కిందికి దిగుతుంది. ఆ ఒక్క షాట్ మనసులో పెట్టే అనుమానం తర్వాతి మూడు షాట్లని తినేస్తుంది. స్కోరు షీటులో ఆ నష్టం లాట్ పేరు మీద కనిపించదు, మీ పేరు మీదే ఉంటుంది.

లాట్ అంటే ఒకే మెషీన్ మీద, ఒకే విడతలో, ఒకే రకం పౌడర్, సీసం, మైనంతో తయారైన రౌండ్లు. పెట్టె మీద నంబరు ఉంటుంది. ఇలీ కంపెనీ పెట్టెల మీదైతే ఆ లాట్ వేగం కూడా అడుగుల్లో అచ్చు వేస్తారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, అయినా రెండు లాట్లు మీ బ్యారెల్లో ఒకేలా కొట్టవు. ఒకే చెయ్యి పెట్టినా ఈ ఏటి మామిడికాయ తొక్కు పోయినేటి తొక్కులా ఉండదు కదా, అలాగే. ఇంకో చిక్కేమిటంటే, మీ పక్క లేన్‌లో ఆయన రైఫిల్లో ఒకే రంధ్రంలా గ్రూపు పెట్టిన లాట్ మీ దాంట్లో చెల్లాచెదురుగా పడొచ్చు. చాంబర్ (రౌండు కూర్చునే గది) కొలతలు, బ్యారెల్ కంపించే తీరు రైఫిల్ రైఫిల్‌కీ వేరు. అందుకే 'ఏ అమ్యూనిషన్ మంచిది సార్' అన్న ప్రశ్నకి నేను జవాబివ్వను. ఎవరైనా ఠక్కున ఇచ్చారంటే ఆయన తన రైఫిల్ గురించి చెబుతున్నట్టు లెక్క.

ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చినవాళ్లకి ఇది కొత్త కాదు. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు అని సైజులు మార్చి బ్యాచ్‌లు కాల్చి చూసుకునే అలవాటు వాళ్లకి ముందే ఉంటుంది. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చినప్పటి నుంచీ సిటీలో పిల్లలు పది మీటర్లతో మొదలుపెట్టడం మామూలైంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచాక .22 గురించి నన్ను అడిగేవాళ్లూ పెరిగారు. విచిత్రమేమిటంటే, పెల్లెట్లకి అంత జాగ్రత్త పడ్డవాళ్లే .22కి వచ్చేసరికి స్టోర్లో ఏది దొరికితే అది కొనేస్తారు.

ఇప్పుడు మీ 612కి వద్దాం. అరవై షాట్లకి 612 అంటే సగటు 10.2. అంటే మీ షాట్లు నడిమధ్య నుంచి సగటున 6.4 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయి. ఈ 6.4లో రెండు వాటాలున్నాయి. ఒకటి రౌండ్లదీ రైఫిల్‌దీ. రెండోది మీది, అంటే పొజిషను, ట్రిగ్గరు, గాలి చదవడం కలిపి. ఈ రెండూ నేరుగా కూడవు, వర్గాలు కూడతాయి. మీ ఇప్పటి లాట్, రైఫిల్‌ని కదలకుండా రెస్టు మీద పెట్టి కాల్చినా, సగటున 5 మిల్లీమీటర్లు చెదురుతోందనుకోండి. 6.4 వర్గం 41, అందులో 25 రౌండ్లవి, మిగిలిన 16 మీవి, అంటే మీ వాటా 4 మిల్లీమీటర్లు. ఇప్పుడు 3.5 చెదిరే లాట్ దొరికితే మొత్తం 5.3కి దిగుతుంది. స్కోరు 620. ఏ కొత్త జాకెట్టూ, ఏ కొత్త బట్ ప్లేటూ లేకుండా ఎనిమిది పాయింట్లు.

అదే లెక్క ఇంకొకరికి వేద్దాం. ఆయన వాటా 10 మిల్లీమీటర్లు, స్కోరు 576 దగ్గర. అదే మంచి లాట్ ఆయనకిస్తే వచ్చేది నాలుగైదు పాయింట్లే. ఆయన ఆ డబ్బు కోచింగ్‌కి పెట్టుకుంటే నయం. మీ స్థాయిలో లాట్ టెస్టింగ్‌కి విలువ మొదలవుతుంది, 620 దాటాక తప్పనిసరవుతుంది. ఒకవేళ మీ ఇప్పటి లాట్ ఇప్పటికే 3.5 కొడుతుంటే మాత్రం రౌండ్ల మీద నెపం వెయ్యడానికేమీ లేదు. ఏది నిజమో టెస్టు చేస్తేనే తేలుతుంది.

టెస్టుకి ముందు రైఫిల్ సంగతి. స్టాక్ (భుజానికి ఆనించే చట్రం) స్క్రూలు టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పిన బిగువుకి తేవాలి. ఒక స్క్రూ వదులుగా ఉంటే ఏ లాట్ పెట్టినా చెత్తగానే కొడుతుంది, మీరేమో ఆరు లాట్లని తిట్టుకుంటూ ఇంటికొస్తారు. చాంబర్‌కి కాస్త ముందు కార్బన్ గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. మామూలుగా తుడిచే గుడ్డముక్కతో, అంటే ప్యాచ్‌తో, అది పోదు. బోర్‌స్కోపు (బ్యారెల్ లోపల చూసే పరికరం) ఉన్న ఆర్మరర్‌కి, అంటే తుపాకీ మెకానిక్‌కి, ఒకసారి చూపించండి. శుభ్రం చేసిన బ్యారెల్ వెంటనే టెస్టుకి పనికిరాదు, కాసిని రౌండ్లు కాల్చి మైనం పూత మళ్లీ పట్టనివ్వాలి. ఐరన్ సైట్స్ తీసేసి స్కోపు పెట్టండి. టెస్టులో మీ కన్ను పరీక్షకి కూర్చోకూడదు.

విదేశాల్లో దీనికి ప్రత్యేకంగా టెస్ట్ సెంటర్లున్నాయి. జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా కంపెనీ రిమ్‌ఫైర్ ఫ్యాక్టరీ దగ్గర ఒకటుంది. ఇలీ వాళ్లది బర్మింగ్‌హామ్‌లో ఉంది. రైఫిల్ పట్టుకెళ్తే స్టాక్ విప్పి, యాక్షన్‌ని (బోల్టు, ట్రిగ్గరు ఉండే భాగం) ఇనప బిగింపులో పెట్టి, గాలి తగలని సొరంగంలో లాట్ తర్వాత లాట్ కాల్చి, నచ్చిన లాట్ అక్కడికక్కడే కొనుక్కోమంటారు. యూరప్‌లో పోటీలకు వెళ్లే మనవాళ్లు ఆ పని చేసుకొస్తారు. మీరు, నేను తెల్లవారుజామున రేంజ్‌లో చేసుకుంటాం.

పద్ధతి చెబుతాను. ఐదారు లాట్లలో ఒక్కో పెట్టె సంపాదించండి, పెట్టెకి యాభై రౌండ్లు. మొదటి పది లెక్కలోకి రావు. ముందు కాల్చిన రకం మైనం పోయి కొత్తది బ్యారెల్‌కి పట్టడానికే అవి. మిగిలిన నలభై, పది చొప్పున నాలుగు గ్రూపులు. ముందు శాండ్‌బ్యాగు, వెనక శాండ్‌బ్యాగు, ప్రతిసారీ ఫోరెండ్ (స్టాక్ ముందుభాగం) ఒకే చోట ఆనాలి. ఫోరెండ్ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. అన్ని గ్రూపులకీ ఒకే వేగంలో కాల్చండి. ఒక గ్రూపు చకచకా, ఇంకోటి టీ తాగి వచ్చాక, అలా వద్దు.

ఐదు షాట్ల గ్రూపులతో సరిపెట్టొద్దు. ఒకే లాట్లో వెంటవెంటనే కాల్చిన రెండు ఐదు షాట్ల గ్రూపుల్లో ఒకటి రెండోదానికన్నా ఒకటిన్నర రెట్లు పెద్దగా రావడం మామూలే. ఫోన్‌లో ఫొటో పెట్టి 'చూడండి ఒకే రంధ్రం' అనేవన్నీ ఆ ఐదు షాట్ల గ్రూపులే. ఆ ముందూ వెనకా కాల్చినవాటి ఫొటోలు మాత్రం ఎవరూ పెట్టరు. గ్రూపు కొసల మధ్య దూరం కూడా నమ్మదగ్గ కొలత కాదు, పదిలో రెండు షాట్లే దాన్ని నిర్ణయిస్తాయి. గ్రూపు మధ్యబిందువు నుంచి ప్రతి షాటూ ఎంత దూరమో తీసి, వాటి సగటు చూడండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ దొరికితే షాట్ల కోఆర్డినేట్లు తీసుకుని ఎక్సెల్‌లో వేస్తే ఐదు నిమిషాల పని. పేపర్ టార్గెట్ అయితే ఫొటో తీసి గ్రూపు కొలిచే యాప్‌లో పెట్టండి, కాకపోతే ఫోన్ టార్గెట్‌కి ఎదురుగా తిన్నగా ఉండాలి.

ఆకారం కూడా చూడాలి. గ్రూపు అడ్డంగా సాగితే గాలి అనుకోండి, ఆ గ్రూపు మళ్లీ కాల్చండి. నిలువుగా సాగితే వేగంలో తేడా, లేదా మీ వెనక బ్యాగు జారుతోంది. గుండ్రంగా ఉండి పెద్దదిగా ఉంటే ఆ లాట్ మీ బ్యారెల్‌కి నప్పలేదంతే. గ్రూపంతా చిన్నగా ఉండి ఒక్కటి దూరంగా పడిందనుకోండి, దాన్ని 'ఫ్లయర్' అని కొట్టేసే అలవాటు చాలామందికి ఉంది. మ్యాచ్‌లో ఆ షాట్‌ని ఎవరూ కొట్టేయరు. అదీ లెక్కలో ఉండాల్సిందే.

ఆరు లాట్లలో మొదటిది తేలాక వెంటనే కొనెయ్యకండి. ఆరింట్లో గెలిచినదాంట్లో కొంత అదృష్టం కూడా ఉంటుంది. మొదటి రెండు లాట్లకీ ఇంకో పెట్టె చొప్పున తీసుకుని, వేరే రోజు మళ్లీ కాల్చండి. రెండోసారి రెండూ దగ్గరగా వస్తే ఏది తీసుకున్నా ఫరవాలేదు, ఎక్కువ దొరికేది తీసుకోండి. మొదటిసారి రెండో స్థానంలో ఉన్నది రెండోసారి మొదటికి రావడం కూడా చూస్తారు. అలా వస్తే కంగారు పడకుండా రెండు రోజుల నలభైలూ కలిపి లెక్క కట్టండి.

మన ఊరి వేడి గురించి ఎవరూ సరిగ్గా రాయరు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను. డిసెంబర్ పొద్దున గచ్చిబౌలి వైపు 14, 15 డిగ్రీలుంటుంది. మే మధ్యాహ్నం 40 దాటుతుంది. అవే రౌండ్లు ఎండలో కొంచెం వేగంగా వెళ్తాయి, సైటు క్లిక్కులు మారతాయి. అది సైటర్లలో, అంటే స్కోరులోకి రాని ముందు షాట్లలో, సరిచేసుకోవచ్చు. అసలు ఇబ్బంది, ఒకే మ్యాచ్‌లో కొన్ని రౌండ్లు చల్లగా, కొన్ని వేడిగా ఉండటం. పెట్టెలో సగం నీడలో, సగం ఎండలో ఉంటే ఆ పెట్టెలో రెండు లాట్లున్నట్టే. ఇంకోటి, గాలి తగ్గాలని ఎదురుచూస్తూ వేడెక్కిన చాంబర్లో రౌండు పెట్టి నిమిషాలు గడిపేస్తే ఆ రౌండు కూడా వేడెక్కుతుంది, షాట్ పైకి లేస్తుంది. గాలి కోసం ఆగాలంటే బోల్టు తెరిచి, రౌండు బయటే ఉంచి ఆగండి. రౌండు ఒకసారి లోపలికి నెట్టి కాల్చకుండా బయటికి తీస్తే బుల్లెట్ మీద రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాడులు) గీతలు సన్నగా పడి ఉంటాయి, మైనం ఒకవైపు చెదిరి ఉంటుంది. బిగువైన మ్యాచ్ చాంబర్లలో ఇది మామూలే. ఆ రౌండు ప్రాక్టీసు డబ్బాలో వేసెయ్యండి, మ్యాచ్‌లో మళ్లీ ఎక్కించొద్దు.

మే నెలలో పార్క్ చేసిన కారులో రౌండ్లు వదిలి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చట్టరీత్యా కూడా అది తప్పే, సాంకేతికంగా ఇంకా తప్పు. బుల్లెట్ మీద మైనం కరిగి కిందికి కారి, పెట్టె అడుగున మరకలా కనిపిస్తుంది. పైభాగం పొడిగా, అడుగు జిడ్డుగా ఉన్న బుల్లెట్‌కి ఏ లాట్ నంబరూ మిగలదు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే తేమ పడుతుంది. ఇంట్లో చల్లని గదిలో, తాళం వేసిన అల్మరాలో చాలు. రేంజ్‌కి వెళ్లాక పెట్టె నీడలో, మూత వేసి ఉంచండి. మైనానికి దుమ్ము అంటుకుంటే అది నేరుగా బ్యారెల్లోకే వెళ్తుంది.

కొందరు నగల దుకాణాల్లో వాడే చిన్న డిజిటల్ తక్కెడ కొని, రౌండ్లు ఒక్కొక్కటీ తూచి, బరువు ప్రకారం వేరు చేస్తారు. ఓపికని మెచ్చుకోవాలి గానీ, లాభం దాదాపు శూన్యం. రౌండు మొత్తం బరువులో పౌడర్ వాటా పదో వంతు గ్రాముకి లోపే. మీ తక్కెడ చూపించే తేడా ఇత్తడి కేసుదో, సీసం బుల్లెట్‌దో, మైనందో ఎవరికీ తెలియదు. రిమ్ (కేసు అడుగు అంచు) మందం కొలిచే గేజ్ కూడా అంతే. చవక రౌండ్లలో మరీ చెడ్డవాటిని తీసెయ్యడానికి పనికొస్తుంది. మంచి మ్యాచ్ రౌండ్లలో ఆ పని ఫ్యాక్టరీయే చేసి పంపిస్తుంది. ఆ రాత్రుళ్లు డ్రై ఫైర్, అంటే రౌండు లేకుండా ట్రిగ్గరు సాధన, చెయ్యండి.

గాలి గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను, అది వేరే పెద్ద కథ. పక్క నుంచి సెకనుకు 1 మీటరు గాలి వీస్తే, అంటే ఆకు కూడా సరిగ్గా కదలని గాలి, 50 మీటర్ల దగ్గర బుల్లెట్ ఆరేడు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. దాదాపు ఒక రింగ్. ఇంకా వేగంగా వెళ్లే హై వెలాసిటీ .22 వాడితే గాలికి తక్కువ పోతుందనుకుంటారు, నిజానికి ఎక్కువ పోతుంది. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం బాగా పెరిగి బుల్లెట్ చప్పున నెమ్మదిస్తుంది కాబట్టి. అందుకే మ్యాచ్ రౌండ్లన్నీ నెమ్మదిగానే ఉంటాయి. లాట్ టెస్టు ఎప్పుడూ పొద్దు పొడిచిన మొదటి గంటలో పెట్టుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలులున్నప్పుడు టెస్టు పెట్టుకుంటే మీరు కొలిచేది గాలినే.

ఏవి టెస్టుకి తెచ్చుకోవాలి? ఇలీ టెనెక్స్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50, లాపువా ఎక్స్-యాక్ట్, మిడాస్ ప్లస్ పై మెట్టు. సెంటర్-ఎక్స్, ఇలీ మ్యాచ్ ఆ కింద. ఎస్‌కే రైఫిల్ మ్యాచ్ ఇంకా కింద. పై మెట్టుకి వెళ్లేకొద్దీ మీరు డబ్బిచ్చేది ఎక్కువగా వడపోతకే, అంటే నాసి లాట్ తగిలే అవకాశం తగ్గడానికి. మీ బ్యారెల్‌కి నప్పిన సెంటర్-ఎక్స్ లాట్, నప్పని టెనెక్స్ లాట్‌ని ఓడిస్తుంది. కాబట్టి నా మాట వింటే, టెనెక్స్ ఒకే లాట్ కొని దేవుడి మీద భారం వేసేకంటే, సెంటర్-ఎక్స్, రైఫిల్ మ్యాచ్‌లలో నాలుగైదు లాట్లు చూడండి. రోజువారీ ప్రాక్టీసుకి మన ఖడ్కీలో తయారయ్యే కేఎఫ్ రౌండ్లు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. స్టాండింగ్, నీలింగ్ శిక్షణకి అది బాగానే సరిపోతుంది. అయితే ప్రాక్టీసు రౌండు నుంచి మ్యాచ్ రౌండుకి మారేటప్పుడు మధ్యలో ఓ పదిహేను రౌండ్లు కాల్చి బ్యారెల్‌ని సర్దుకోనివ్వండి. మ్యాచ్ రోజు సైటర్లలోనే ఆ మార్పు జరగనిస్తే మొదటి సిరీస్ (పది షాట్ల వరుస) పోతుంది.

ఎంత కొనాలి? ఒక ప్రోన్ మ్యాచ్‌కి అరవై షాట్లు, సైటర్లు కలిపి ఎనభై అనుకోండి. సీజన్‌లో మీరు ఆడే మ్యాచ్‌లు, ప్రతి మ్యాచ్‌కి ముందు ఆ లాట్‌తో రెండు పూర్తి ప్రాక్టీసులు, అంతా కూడితే మీకే తెలుస్తుంది. అంత ఒకేసారి, ఒకే నంబరుతో కొనండి. మధ్యలో అయిపోతే అదే లాట్ మళ్లీ దొరకదు. లైసెన్సులో రాసి ఉన్న పరిమితి చూసుకోండి. జాతీయ రైఫిల్ సంఘం ద్వారా వచ్చే దిగుమతి రౌండ్లకి మీ రాష్ట్ర సంఘం నుంచి ఇండెంట్ (ఆర్డరు) పెట్టేప్పుడే, ఏ లాట్లు వస్తున్నాయో అడగండి. ఎక్కువసార్లు మీరు కోరుకున్న లాట్ ఇస్తామని మాట ఇవ్వరు. కానీ వచ్చిన లాట్లలో ఒక్కో పెట్టె ముందు తీసుకుని, టెస్టు చేశాక మిగతాది తీసుకునే వెసులుబాటు అడిగితే కొన్నిసార్లు దొరుకుతుంది. అడగనివాళ్లకి ఎప్పుడూ దొరకదు. క్లబ్‌లో స్నేహితుడికి మీ రౌండ్లు నప్పాయని ఓ పెట్టె చేతిలో పెట్టెయ్యడం మాత్రం వద్దు. ప్రతి రౌండూ ఎవరి లైసెన్సు మీద కొన్నదో వారి లెక్కలోనే ఉండాలి.

అన్నయ్య ఏదో తెస్తానని ముచ్చటపడుతున్నారు కాబట్టి, ప్రెస్సు బదులు మంచి టార్క్ రెంచ్ ఒకటి, చేతిలో పట్టే గాలి మీటరు ఒకటి తెమ్మనండి. రెండూ మీకు వెంటనే పనికొస్తాయి. రెంచ్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టమనండి.

ఇక మీ రైఫిల్ ఏ మోడలో, బ్యారెల్ మీద ఇప్పటికి సుమారుగా ఎన్ని వేల రౌండ్లు పడ్డాయో, ఇప్పుడు వాడుతున్న పెట్టె మీద లాట్ నంబరేంటో రాయండి. ఆన్‌షుట్స్ అయితే చాంబర్ ఒక తీరు, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్ అయితే ఇంకో తీరు. ఏ లాట్లతో మొదలుపెడితే తక్కువ పెట్టెల్లో పని తేలుతుందో అప్పుడు చెబుతాను. పోయిన మ్యాచ్ ఎలక్ట్రానిక్ ప్రింటవుట్ ఉంటే అదీ పెట్టండి. షాట్లు నిలువుగా ఎక్కువ చెదిరాయా, అడ్డంగానా అని అందులో ముందే కొంత తెలిసిపోతుంది.